పాత డిస్క్‌లో డేటా ఉండగానే రెయిడ్ 1కి మారుతుంటే వచ్చే చిక్కులు

ఇంటి సర్వర్‌లో 4 టీబీ డిస్క్ ఒక్కటే ఉంది, నిండా పిల్లల ఫొటోలు, వీడియోలు. అదే సైజుది ఇంకోటి కొన్నారు. రెండింటిలోనూ ఒకే డేటా ఉండేలా జత కట్టడమే రెయిడ్ 1. లినక్స్‌లో ఎండీఏడీఎం (రెయిడ్ కట్టే కమాండ్) వాడి ముందు కొత్త డిస్క్‌తోనే అరే (డిస్క్‌ల జట్టు) కడతాం, రెండో డిస్క్ పేరు రాయాల్సిన చోట 'మిస్సింగ్' అని రాస్తాం. డేటా అందులోకి కాపీ అయ్యాక పాత డిస్క్‌ను జత చేస్తాం. జత చేయగానే పాత డిస్క్‌లో ఉన్నది చెరిగిపోతుంది. సింక్ (కొత్త డిస్క్‌లోనిది పాత డిస్క్‌లోకి కాపీ కావడం) పూర్తయ్యేదాకా డేటా అంతా ఒక్క కొత్త డిస్క్ మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే ముఖ్యమైనవన్నీ ముందే ఒక యూఎస్‌బీ డిస్క్‌లోకి తీసి పెట్టుకోండి.

అరే కడుతుంటే 'ఇందులో ఈఎక్స్‌టీ2 ఫైల్ సిస్టమ్ ఉన్నట్టుంది, కొనసాగించాలా?' అని అడుగుతోంది

వెంటనే 'నో' కొట్టండి. కొత్త డిస్క్ ఖాళీగా ఉండాలి కదా, మీరు ఇచ్చింది పాత డిస్క్ పేరు కావచ్చు. మీది ఈఎక్స్‌టీ4 అయినా మెసేజ్‌లో ఈఎక్స్‌టీ2 అనే వస్తుంది, కాబట్టి ఇది నా డిస్క్ కాదులే అనుకోకండి. డిస్క్‌లకు లినక్స్ పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు రీబూట్ తర్వాత తారుమారు కావచ్చు. డిస్క్ మీద స్టిక్కర్‌లో ఉన్న సీరియల్ నంబర్‌ను ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్ చూపించే నంబర్‌తో అంకె అంకె సరిపోల్చుకోండి.

కాపీ అయ్యాక కొత్త డిస్క్‌లో ఎక్కువ చోటు పట్టింది

రోజువారీ బ్యాకప్ ఫోల్డర్లలాంటి చోట హార్డ్ లింకులు (ఒకే ఫైల్‌కు ఉన్న వేర్వేరు పేర్లు) ఉంటాయి. కాపీ చేసే ఆర్‌సింక్ కమాండ్‌కు చిన్న 'ఏ' ఆప్షన్ ఒక్కటే ఇస్తే వాటిని విడివిడి ఫైళ్లుగా రాసేస్తుంది. పెద్ద 'హెచ్' కూడా కలిపి, ఖాళీ ఫోల్డర్‌లోకి మళ్లీ కాపీ చేయండి.

తర్వాత చెక్‌సమ్ (ఫైళ్ల లోపలిది పోల్చేది), డ్రై రన్ (ఏమీ రాయకుండా చూసేది), ఐటమైజ్ (తేడాలు చూపించేది) ఆప్షన్లతో ఆర్‌సింక్‌ను ఇంకోసారి నడపండి. తేడా ఉన్న ఫైల్ పేరు ఒక్కటి కూడా రాకూడదు. సెకనుకు 150 ఎంబీ చొప్పున చదివినా 4 టీబీకి 7 గంటలు దాటుతుంది. రాత్రి పెట్టి పడుకోండి, ఈ ఒక్క మెట్టు మాత్రం దాటేయకండి. మధ్యలో పాత డిస్క్ నుంచి ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్ వస్తే ఆ డిస్క్ పాడవుతోందని అర్థం. పాడవుతున్న డిస్క్ నుంచి డేటా తీసే డీడీరెస్క్యూతో తీయగలిగింది తీయండి, దాన్ని అరేలో చేర్చకండి.

రీబూట్ చేస్తే అరే పేరుగా ఎండీ0 లేదు, ఎండీ127 వచ్చింది

డేటా ఎక్కడికీ పోలేదు, టెన్షన్ పడకండి. అరే వివరాలు బూట్ ఇమేజ్ (సిస్టమ్ మొదలయ్యేటప్పుడు ముందు లోడయ్యే ఫైల్)లో లేకపోతే సిస్టమ్ తనకు తోచిన పేరు పెడుతుంది. ఎఫ్ఎస్‌ట్యాబ్ (ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ కావాలో రాసే ఫైల్)లో ఎండీ0 అని రాసి ఉంటే బూట్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోవచ్చు. ఎండీఏడీఎం డీటెయిల్ స్కాన్ ఇచ్చే లైన్‌ను దాని కాన్ఫిగ్ ఫైల్‌లో చేర్చి, డెబియన్, ఉబుంటులలో బూట్ ఇమేజ్‌ను మళ్లీ తయారుచేసే అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ నడపండి. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో పేరుకు బదులు యూయూఐడీ (ఫైల్ సిస్టమ్ గుర్తింపు సంఖ్య) రాయండి.

పాత డిస్క్‌ను చేర్చబోతే 'సైజు చాలదు' అంటోంది

రెండింటి మీదా 4 టీబీ అనే ఉన్నా లోపల సెక్టార్ల లెక్క కొంచెం తేడా ఉండవచ్చు. మొదట్లోనే పార్టిషన్‌ను 100 ఎంబీ తగ్గించి కడితే ఈ గొడవ రాదు. ఇప్పుడైతే అన్‌మౌంట్ చేసి ముందు ఫైల్ సిస్టమ్‌ను, తర్వాతే అరేను కుదించాలి. వరస తప్పితే డేటా పోతుంది.

సింక్ నత్తనడక నడుస్తుంటే రెయిడ్ స్పీడ్ లిమిట్ మినిమమ్ విలువ చూడండి. అది మామూలుగా సెకనుకు 1000 కేబీ, 50000కి పెంచవచ్చు. అరే స్థితి చూపించే ఎండీస్టాట్‌లో 'యూ_' (ఒక్క డిస్కే సిద్ధం) పోయి 'యూయూ' (రెండూ సిద్ధం) కనిపించేదాకా యూఎస్‌బీ డిస్క్‌ను ముట్టుకోకండి.