పూతరేకుల పేజీని రెండు రకాలుగా పెట్టి చూశాను

మాది ఆత్రేయపురం. అమ్మ చుట్టే పూతరేకులను వెబ్‌సైట్‌లో అమ్ముతాను. చాలామంది కార్ట్‌లో వేసుకుని, తీరా డబ్బు కట్టే దగ్గర వెళ్లిపోయేవారు. టెన్షన్‌తో ఫోటోలు, రంగులు, ధరలు అన్నీ ఒకేసారి మార్చాను. ఆర్డర్లు పెరిగాయి. కానీ అప్పుడే సంక్రాంతి! మార్పుల వల్లా, పండగ వల్లా? తేల్చుకోలేకపోయాను.

అందుకే ఏ/బీ టెస్ట్ మొదలుపెట్టాను. ఒకే రోజుల్లో సగం మందికి పాత పేజీ, సగం మందికి కొత్తది. ఎవరికి ఏ పేజీ అన్నది సాఫ్ట్‌వేరే చీటీ తీసినట్టు తేలుస్తుంది. మళ్లీ వస్తే అదే పేజీ కనిపించాలి. మార్చింది ఒక్కటే: డెలివరీ ఛార్జీని చివర్లో కాకుండా ధర పక్కనే చూపించాను. మూడో రోజుకే కొత్తది బాగా ముందుంది. ఆపేయాలనిపించింది కానీ ఆపలేదు. నాలుగు ఆర్డర్లతో ఏదీ తేలదు, పైగా ఆదివారం కొనుగోళ్ల తీరు వేరు. ముందే అనుకున్న 4 వారాలూ నడిపాను. తేడా తగ్గింది, అయినా కొత్తదే నిలిచింది.

2023లో మా పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ మాట పేజీ పైన పెడితే అమ్మకాలు పెరుగుతాయని గట్టిగా నమ్మాను. టెస్ట్‌లో తేడా కనిపించలేదు. అయినా తీయలేదు, అది మా ఊరి గౌరవం.