ఇల్లు లేనివాళ్ళకి ప్రభుత్వ దంత వైద్యం: ఓపీ చీటీ, ఆధార్, ఆరోగ్యశ్రీ ఎలా పొందాలి

హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రి ఎంజీబీఎస్ బస్టాండ్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంది. ఉస్మానియా ఆసుపత్రి చుట్టుపక్కల ఫుట్‌పాత్‌ల మీద పడుకునేవాళ్ళకి ఇంకా దగ్గర. అయినా పన్ను పోటొస్తే చాలామంది అటు వెళ్ళరు, మెడికల్ షాపులో రెండు గోలీలు కొని మింగుతారు. ఎందుకు వెళ్ళలేదంటే "ఆధార్ లేదు కదా" అంటారు. ఓపీ చీటీకి అది అడ్డు కాకూడదు.

ఓపీ చీటీ

కౌంటర్‌లో పేరు, వయసు, ఉండే చోటు అడుగుతారు. నైట్ షెల్టర్‌లో ఉంటే ఆ షెల్టర్ పేరే అడ్రసు. ఫుట్‌పాత్ మీద ఉంటే "ఫలానా బస్టాప్ దగ్గర" అని చెప్పండి, అబద్ధపు అడ్రసు మాత్రం వద్దు. ఫోన్ నంబరు లేకపోతే షెల్టర్ మేనేజర్‌దో, వెంట వచ్చినవాళ్ళదో ఇవ్వచ్చు. కార్డు చూపమంటే, ఆధార్ లేదన్న కారణంతో వైద్యం నిరాకరించకూడదని ఆధార్ ఇచ్చే ఉడాయ్ సంస్థే 2018లో స్పష్టం చేసిందని మర్యాదగా చెప్పండి. అప్పటికీ పని కాకపోతే వాదన పెట్టుకోకుండా ఆర్ఎంఓ (ఆసుపత్రి రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) గదికి వెళ్ళడం మేలు. 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరు కూడా ఐచ్ఛికమే.

ఉదయమే వెళ్ళండి, మధ్యాహ్నం భోజనం దొరికే వేళకి ఓపీ కౌంటర్ మూసేస్తారు. అలాగని ఖాళీ కడుపుతో వెళ్ళద్దు. పన్ను పీకే ముందు బీపీ, షుగరు చూస్తారు, ఎక్కువుంటే వాయిదా వేస్తారు. వాడుతున్న మందులుంటే ఆ అట్టలు పట్టుకెళ్ళండి. గుట్కా, జరదా, మద్యం అలవాటుంటే దాచద్దు. నోట్లో రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్ల మచ్చ, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం ఉంటే పన్ను సంగతి కంటే ముందు అదే చెప్పాలి. క్యాన్సర్ అనుమానముంటే రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రికి రాసిస్తారు.

ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ, కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. అవి దూరమైతే దగ్గర్లోని జిల్లా, ఏరియా ఆసుపత్రిలో డెంటల్ విభాగం ఉందేమో కనుక్కోండి. ప్రైవేటు డెంటల్ కాలేజీలనీ కొట్టిపారేయద్దు. అక్కడి విద్యార్థులకి కేసులు కావాలి, కాబట్టి చాలా పనులు ఉచితంగానో, కొద్ది డబ్బుతోనో చేస్తారు. కట్టుడు పళ్ళకి ల్యాబ్ ఖర్చు అడుగుతారేమో ముందే తేల్చుకోవాలి.

రెండోసారి రావడమే కష్టం

నిజం చెప్పాలంటే ఓపీ చీటీ కంటే పెద్ద గండం ఇది. పన్ను పీకకుండా లోపల శుభ్రం చేసి నిలబెట్టే రూట్ కెనాల్‌కి మూడు నాలుగుసార్లు రమ్మంటారు. రోజు కూలీ పోతుంది, మధ్యలో చీటీ తడిసిపోతుంది, లేదా నిద్రలో సంచీతో సహా ఎవరో పట్టుకెళ్తారు. అందుకే నిలబెట్టగలిగిన పన్ను కూడా చివరికి పీకించుకోవాల్సి వస్తుంది. చీటీనీ ఎక్స్‌రేనీ ఫోన్‌లో ఫోటో తీయించి షెల్టర్ మేనేజర్ దగ్గర ఉంచండి, తారీఖు గుర్తుచేయమని ఆయనకే చెప్పండి. ఒక్కరోజులో అయ్యే ఫిల్లింగ్ సరిపోతుందా అని డాక్టర్ని అడగడంలో తప్పు లేదు.

పన్ను పీకాక పెట్టిన దూదిని అరగంటైనా గట్టిగా కరిచి పట్టుకోవాలి. ఆ రోజు పుక్కిలించద్దు, ఉమ్మద్దు, బీడీ కాల్చద్దు, మద్యం ముట్టద్దు. మర్నాటి నుంచి టీ బండి దగ్గర గోరువెచ్చని నీళ్ళు అడిగి చిటికెడు ఉప్పేసి పుక్కిలిస్తే చాలు. నొప్పి గోలీలు ఏదైనా తిన్న తర్వాతే వేసుకోవాలి.

ఆధార్, ఆ తర్వాత ఆరోగ్యశ్రీ

మామూలు పళ్ళ వైద్యానికి ఆరోగ్యశ్రీ అక్కర్లేదు. దవడ ఎముక విరగడం, నోటి క్యాన్సర్ లాంటి పెద్ద చికిత్సలకి అది పనికొస్తుంది. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకి పెంచారు. దానికి ఆహార భద్రత కార్డు (రేషన్ కార్డు) కావాలి, ఆ కార్డుకి ఆధార్ కావాలి. కాబట్టి ఆధార్‌తోనే మొదలుపెట్టాలి.

గుర్తింపు ఉన్న షెల్టర్‌లో ఉండేవాళ్ళకి ఆ షెల్టర్ అధిపతి ఉడాయ్ నమూనాలో ఫోటోతో ధ్రువపత్రం ఇవ్వచ్చు. గెజిటెడ్ అధికారి, ఎమ్మెల్యే కూడా ఇవ్వచ్చు. అది మూడు నెలలే చెల్లుతుంది, చేతికొచ్చిన వారంలోనే నమోదు కేంద్రానికి వెళ్ళండి. కొత్త నమోదుకి రుసుము లేదు, డబ్బులడిగితే 1947కి ఫోన్ చేయండి. కార్డు కూడా షెల్టర్ అడ్రసుకే వస్తుంది.

ఆరోగ్యశ్రీ ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్ర అని ఒకరుంటారు. దరఖాస్తు ఆయన ద్వారానే నడుస్తుంది, బయటి దళారులతో పనిలేదు.

ఇవేవీ చూడకుండా పరుగెత్తాల్సినప్పుడు

దవడ కింద వాపు మెడకి దిగినా, మింగలేకపోతున్నా, ఊపిరి ఆడకపోయినా ఉదయం ఓపీ కోసం ఆగద్దు. చీము మెడలోకి పాకితే ప్రాణం మీదకొస్తుంది. 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళండి. కొట్లాటలోనో, యాక్సిడెంట్‌లోనో దవడ పగిలితే ముందు పోలీసు కాగితం తెమ్మనడానికి వీల్లేదు. ప్రాణాపాయంలో ఉన్నవాళ్ళకి ముందు వైద్యం చేయాల్సిందేనని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. పోలీసులకి తెలియజేసే పని ఆసుపత్రి చూసుకుంటుంది.