దివ్యాంగుల పార్కింగ్ దుర్వినియోగంపై అవగాహన కల్పించడం ఎలా?

డిసెంబరు 3న, అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం నాడు బ్యానరు కట్టి, ప్లకార్డులు పట్టుకుని ఫొటో దిగితే దివ్యాంగుల పార్కింగ్ మీద అవగాహన రాదు. మర్నాడు పొద్దున అదే స్లాట్‌లో ఇంకో కారు ఉంటుంది. అది గుమ్మానికి దగ్గరగా ఇచ్చిన ఒక సౌకర్యం అని జనం అనుకుంటారు కాబట్టే, ఖాళీగా కనిపిస్తే పెట్టేస్తారు. దగ్గర అన్నది రెండో సంగతి. ఆ స్లాట్‌కు ప్రాణం దాని వెడల్పు. మీ కార్యక్రమం మొత్తం ఈ ఒక్క విషయం చుట్టూ తిరగాలి.

ఏర్పాట్లు

ఆసుపత్రితో మొదలుపెట్టండి, మాల్ తర్వాత చూడొచ్చు. యాజమాన్యానికి వారం ముందు ఒక పేజీ లేఖ ఇవ్వండి. కొలత టేపు, ముగ్గుపిండి, ఒక వీల్‌చైరు, అరచేతిలో పట్టే కరపత్రాలు 200 చాలు. మనుషులు నలుగురు, ఇద్దరిద్దరుగా. సాయంత్రం ఓపీ వేళ రెండు గంటలు సరిపోతుంది. మైకు వద్దు.

ముందు స్లాట్‌ను కొలవండి

మన దేశ ప్రమాణాల ప్రకారం ఈ స్లాట్ వెడల్పు 3.6 మీటర్లు, పొడవు 5 మీటర్లు ఉండాలి. గుమ్మానికి 30 మీటర్లు దాటకూడదు. ఆ 3.6లో 2.4 కారుకు. మిగిలిన 1.2 మీటర్లు ఏటవాలు గీతలు కొట్టిన ఖాళీ జాగా. నేల మీద నీలం రంగులో తెల్ల వీల్‌చైరు బొమ్మ వేయాలి. కారు ఆగితే ఆ బొమ్మ కనిపించదు కాబట్టి ఎదురుగా నిలువు బోర్డు కూడా ఉండి తీరాలి.

టేపు పెట్టి చూస్తే చాలాచోట్ల బయటపడేది ఇదీ: మామూలు 2.5 మీటర్ల స్లాట్‌లోనే బొమ్మ వేసి వదిలేసి ఉంటారు. లేదా గీతల జాగాలో బైకులు, చెత్తడబ్బా, ట్రాలీలు ఉంటాయి. అలాంటప్పుడు ముందు మారాల్సింది యాజమాన్యం, డ్రైవర్లు కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 89వ సెక్షన్ ప్రకారం చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10 వేల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 వేల నుంచి 5 లక్షల దాకా జరిమానా పడొచ్చు. ఈ సంగతి లేఖలో రాయండి. కారు దిగే మనిషిని మాత్రం సెక్షన్లు చెప్పి బెదిరించకండి. అతను విన్నది ఇంటికి వెళ్లేలోపే మరిచిపోతాడు, మీ మీద కోపం ఒక్కటే మిగులుతుంది.

వెడల్పు కళ్లకు చూపించండి

మామూలు స్లాట్‌లో 1.7 మీటర్ల వెడల్పున్న కారు నిలిపితే రెండు పక్కలా 40 సెంటీమీటర్ల చొప్పునే మిగులుతుంది. చక్రాల కుర్చీ ఒక్కటే 65 సెంటీమీటర్లు ఉంటుంది. తలుపు పూర్తిగా తెరవాలి, కుర్చీని సీటు పక్కనే ఆనించాలి, బ్రేకు వేయాలి, చేతుల బలంతో ఒళ్లు జరుపుకోవాలి. ముగ్గుపిండితో గీతల జాగా గీసి అందులో కుర్చీ నిలబెట్టండి. ‘ఆ మిగిలిన 40 సెంటీమీటర్లలో మీరు దిగి చూపించండి’ అని వచ్చినవాళ్లను అడగండి. రోజూ వీల్‌చైరు వాడే మనిషి ఎవరైనా ఇష్టపడి వస్తే ఇంకా మంచిది. వాళ్లకు రానుపోను ఖర్చులు, రోజు కూలి ఇవ్వాలి. నడవగలిగిన వాలంటీరును కుర్చీలో కూర్చోబెట్టి నటింపజేయకూడదు.

ఇంకో సంగతి తప్పక చెప్పండి. సొంతంగా కారు నడుపుకుంటూ వచ్చినవాళ్లు లోపలికి వెళ్లాక గీతల జాగాలో ఎవరో స్కూటర్ పెట్టారనుకోండి. ఆ స్కూటర్ మనిషి తిరిగొచ్చేదాకా వాళ్లు తమ కారులోకి తాము ఎక్కలేరు. కరపత్రం మీద ఈ ఒక్కటే అచ్చేయండి, మరేమీ వద్దు.

బండి పెట్టినవాళ్లతో మాట్లాడటం

పని చెడేది ఇక్కడే. ఎదుటి మనిషి కాళ్లు చూసి తీర్పు చెప్పకండి. చట్టం గుర్తించిన వైకల్యాలు 21. వాటిలో తలసేమియా, హీమోఫీలియా, పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నాయి. బాగానే దిగి పది అడుగులు వేసిన మనిషి పదకొండో అడుగుకి గోడ పట్టుకోవచ్చు. ప్యాంటు కింద కృత్రిమ కాలు ఉండొచ్చు. నడిపే మనిషికి ఏ ఇబ్బందీ లేకపోయినా, అతను తీసుకెళ్లాల్సిన అమ్మ లోపల ఉండొచ్చు.

అందుకని అడగాల్సింది ఒక్కటే: ‘సార్, ఇది దివ్యాంగుల స్లాట్. మీతో ఎవరికైనా అవసరం ఉందాండీ?’ ఉంది అంటే ‘సరే సార్’ అని పక్కకు తప్పుకోండి. సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం), యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) అడిగే హక్కు వాలంటీరుకు లేదు. అబద్ధం చెప్పినట్టు అనిపించినా వదిలేయండి. పదిమంది అబద్ధాలకోరులు తప్పించుకున్నా ఫర్వాలేదు గానీ, నిజంగా అవసరమున్న ఒక్కరిని నలుగురిలో నిలదీయకూడదు.

ఎప్పుడు అడుగుతారన్నది కూడా ముఖ్యం. ఇంజిను ఆగకముందే డ్రైవరు కిటికీ దగ్గరికి వెళ్లాలి. దిగి తాళం వేసి నాలుగడుగులు నడిచాక పిలిస్తే ఎవరూ వెనక్కి రారు, నలుగురి ముందు తగ్గినట్టవుతుంది. మాట్లాడేది ఒక్కరే, రెండో మనిషి మూడు మీటర్ల దూరంలో ఉండాలి. ఇద్దరు చుట్టుముడితే అది పోట్లాటలా కనిపిస్తుంది. పైగా దగ్గర్లో ఖాళీ ఎక్కడుందో ముందే తెలిసుండాలి. ‘ఆ వేపచెట్టు కింద ఖాళీ ఉందన్నా’ అంటే బండి కదులుతుంది. వేరే చోటు చూపించలేకపోతే అసలు నోరెత్తకండి.

‘ఐదు నిమిషాలే’ అంటారు. టైము గురించి వాదించవద్దు. గీతల జాగా చూపించి, ఈ ఐదు నిమిషాల్లో వీల్‌చైరు మనిషి వస్తే దిగే చోటు లేక వెనక్కి తిరిగిపోతారని చెప్పండి.

ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టడం, అద్దానికి స్టిక్కర్ అంటించడం, టైరులో గాలి తీయడం ఏవీ చేయకూడదు. ఆ బండి నిజంగా అవసరమున్నవాళ్లదే అయితే, మీరు ఎవరికోసం ఇదంతా చేస్తున్నారో వాళ్లనే అవమానించినట్టు. అమెరికా, బ్రిటన్‌లలోలా కారు అద్దంలో పెట్టుకునే ఒకే రకం పర్మిట్ ఇక్కడ వాడుకలో లేదు. బయటినుంచి చూసి ఎవరు అర్హులో తేల్చలేరు.

వాచ్‌మన్‌కు కాగితం ఇప్పించండి

మీరు వెళ్లిపోయాక అక్కడ మిగిలేది వాచ్‌మన్ ఒక్కడే. డాక్టరుగారి కారునో డైరెక్టరుగారి కారునో ఆపమంటే అతని ఉద్యోగం మీదికి వస్తుంది. కాబట్టి ‘ఈ స్లాట్‌లో ఎవరి బండినైనా ఆపే అధికారం ఇతనికి ఉంది’ అని యాజమాన్యం సంతకంతో కాగితం ఇప్పించాలి. స్లాట్‌కు గొలుసు, తాళం ఒప్పుకోవద్దు. తాళంచెవి ఉన్న మనిషి టీకి వెళ్తే ఆ స్లాట్ లేనట్టే. కోన్ పెడితే దాన్ని తీయడానికి వాచ్‌మన్ పక్కనే ఉండాలి, లేదంటే కారులో ఉన్న దివ్యాంగులే దిగి తీయాల్సి వస్తుంది.

తర్వాత రెండు వారాలు పొద్దున 11కి, సాయంత్రం 6కి స్లాట్‌లో ఏముంది, గీతల మీద ఏముంది అని వాచ్‌మన్ పుస్తకంలో రాయించండి. గీతల మీద పదేపదే బైకులే కనబడితే కరపత్రాలతో లాభం లేదు. గుమ్మం దగ్గర బైకులకు వేరే స్టాండు గీయించమని యాజమాన్యాన్ని పట్టుబట్టండి.