మాస్ట్ తీగలు ఎన్నిసార్లు బిగించినా వదులైపోతున్నాయా? కింద దూలం చూడండి

తెరచాప పడవలో మాస్ట్‌ను, అంటే తెరచాప స్తంభాన్ని, రెండు పక్కల నుంచి పట్టి ఉంచేవి ష్రౌడ్ తీగలు. టర్న్‌బకిల్ (తీగ చివరనుండే బిగింపు మర) తిప్పి వాటిని బిగిస్తారు. రెండు వారాలు తిరక్కుండానే గాలి చాటు వైపు తీగలు మళ్లీ వేలాడతాయి. మళ్లీ తిప్పుతారు. నాలుగోసారికి టర్న్‌బకిల్‌లో మర అయిపోతుంది. తీగ సాగిపోయిందనుకుని కొత్త తీగలు కొంటారు. ఆ డబ్బు దండగ. కొత్త స్టెయిన్‌లెస్ తీగ పేటలు సర్దుకునేటప్పుడు కొద్ది మిల్లీమీటర్లు సాగి అక్కడితో ఆగిపోతుంది. ఏళ్లుగా వాడుతున్న తీగ నెలనెలా వదులవుతోందంటే తీగ పెరగడం లేదు, మాస్ట్ కిందికి దిగుతోంది.

ఇది 1960లు, 70ల్లో కట్టిన కొన్ని ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవల సంగతి. మాస్ట్ డెక్కు మీద నిలబడుతుంది, దాని కింద కేబిన్‌లో నిట్టాడు ఉంటుంది, నిట్టాడు కింద బిల్జ్‌లో (పడవ అట్టడుగున నీరు చేరే చోట) అడ్డంగా ఇనుప దూలం ఉంటుంది. తీగల బిగువంతా మాస్ట్ మీదుగా, నిట్టాడు మీదుగా ఆ ఒక్క దూలం మీదికే వస్తుంది. గట్టి గాలిలో ఆ భారం పడవ మొత్తం బరువుకు దగ్గరగానో, దాన్ని మించో ఉంటుంది. మాస్ట్ నేరుగా కీల్ (పడవ అడుగు వెన్ను) దాకా దిగే పడవల్లో కూడా దూలం మార్చే పద్ధతి దాదాపు ఇదే.

ముందు తలుపు, తర్వాతే టర్న్‌బకిల్

నిట్టాడు పక్క గోడకు ఒక తలుపు ఉంటుంది, చాలా పడవల్లో అది టాయిలెట్ తలుపు. అది పైన రాసుకుంటోందా? దయచేసి దానికి రంద పట్టకండి. ఆ తలుపు మీకు ఉచితంగా దొరికిన కొలబద్ద. తీగలు బిగువుగా ఉన్నప్పుడు తలుపు పై అంచుకూ చట్రానికీ మధ్య సందును ఫీలర్ గేజితో (సందులు కొలిచే సన్నటి రేకులతో) కొలిచి రాసుకోండి. తర్వాత రెండు వైపులా తీగలను సమానంగా మూడు నాలుగు చుట్లు వదులు చేసి మళ్లీ కొలవండి. సందు 2 మి.మీ. పైగా పెరిగితే తీగ బిగువుకు పడవ లోపలి కట్టడం లొంగిపోతోంది. పది నిమిషాల పని. దీన్ని వదిలేసి నేరుగా తీగల దుకాణానికి వెళ్లేవాళ్లే ఎక్కువ.

ఇప్పుడు లొంగుతున్నది డెక్కా, దూలమా తేల్చాలి. తీగలు వదులుగా ఉండగానే నిట్టాడు పాదం దగ్గర, పక్క గోడ మీద సన్నటి పెన్సిల్ గీత గీసి, దానికి సరిగ్గా ఎదురుగా నిట్టాడు మీద కూడా ఒకటి గీయండి. తీగలు బిగించండి. నిట్టాడు గీత కిందికి జారితే దూలం దిగుతోంది. నిట్టాడు గీత కదలకుండా, డెక్కు మీద మాస్ట్ చుట్టూ మాత్రం గుంట పడితే డెక్కు లోపలి చెక్క కుళ్లింది. అది వేరే మరమ్మతు, బిల్జ్ తెరవాల్సిన పని లేదు. రెండూ కలిసి ఉండటం కూడా మామూలే, ఎందుకంటే రెండింటినీ పాడుచేసేది ఒకే నీరు.

దూలం దగ్గరికి వచ్చాక కంటిని నమ్మకండి. తుప్పు తాను తినేసిన ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు పట్టేస్తుంది. అందుకే చచ్చిన దూలం చిక్కిపోయినట్టు కాదు, లావెక్కినట్టు కనిపిస్తుంది. పైన నాలుగు పూతల రంగు ఉంటే మరీ దిట్టంగా కనిపిస్తుంది. చిన్న సుత్తి, దబ్బనం తీసుకోండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, కుళ్లింది దబ్బుమంటుంది. దబ్బుమన్నచోట దబ్బనం గుచ్చితే పేస్ట్రీ పొరల్లా పెచ్చులు లేస్తాయి. మధ్యలో బాగుందని ఆగిపోవద్దు. పడవ గోడలోకి దూలం చివరలు వెళ్లేచోట వాటిని ఫైబర్‌గ్లాస్‌తో చుట్టి ఉంటారు. ఆ చుట్టు అంచున గోధుమరంగు చెమ్మ కనిపించినా, గ్లాసు ఉబ్బి చీలినా, అక్కడ 6 మి.మీ. రంధ్రం వేసి చూడండి. డ్రిల్లుకు మెరిసే ఇనుప రజను రావాలి. నల్లటి బురద వస్తే ఇక చర్చ అనవసరం.

నీరు కింది నుంచి కాదు, పై నుంచి

దూలం కుళ్లిందనగానే అందరూ బిల్జ్‌లోని సముద్రపు నీటిని అంటారు. కొత్త దూలం వేసి, బిల్జ్ పంపు మార్చి, నిశ్చింతగా ఉంటారు. కొన్నేళ్లకు కొత్త దూలమూ అదే దారి పడుతుంది. అసలు దొంగ మాస్ట్ లోపల ఉంటాడు.

మాస్ట్ మీద కప్పీల దగ్గర, తెరచాప ఎత్తే హాల్యార్డ్ తాళ్లు బయటికొచ్చే సందుల దగ్గర వర్షం లోపలికి పోతుంది. దాన్ని ఆపలేం, ఆపాల్సిన పనీ లేదు. ఆ నీరు మాస్ట్ పాదం దగ్గరున్న చిన్న తూము గుండా డెక్కు మీదికి పారిపోవాలి. ఆ తూము పూడుకుపోతుంది. అల్యూమినియం తెల్ల పొడి, దుమ్ము, పురుగుల గూడు, లేదా మాస్ట్ పాదం మళ్లీ బిగించినప్పుడు ఎవరో శ్రద్ధగా చుట్టూ పూసిన సీలెంట్. ఈ చివరిదే చాలా ఎక్కువగా కనిపిస్తుంది. నీరు లోపలికి రాకూడదని పూసిన సీలెంటు, లోపలి నీరు బయటికి పోకుండా చేస్తుంది.

దీపాల వైర్లు కిందికి దిగడానికి మాస్ట్ పాదం మధ్యలో ఒక పొట్టి గొట్టం ఉంటుంది. దాని పెదవి అడుగు నుంచి రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తే ఉంటుంది. తూము పూడితే నీరు ఆ పెదవి దాకా లేచి, పొర్లి, వైర్ల వెంట నిట్టాడు లోపలికి దిగుతుంది. నిట్టాడు బోలుగా ఉంటుంది, అడుగున పలక వేసి వెల్డింగ్ చేసి ఉంటుంది. కేబిన్‌లో ఒక్క చుక్క కనపడదు, గోడ మీద మరక పడదు. ఆ నీరు నిట్టాడు పాదంలో నిలిచి, వెల్డింగ్ సందుల్లోంచి దూలం నెత్తి మీదికి చెమ్మలా పాకి, అక్కడి నుంచి గ్లాసు చుట్టు కిందికి చేరుతుంది. అక్కడ ఎండ తగలదు, గాలి ఆడదు, ఏడాది పొడవునా తడి ఆరదు. బిల్జ్ మాత్రం పొడిగా ఉంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

గుర్తు పట్టడం ఇలా. నిట్టాడు పాదం చుట్టూ పలక మీద వెంట్రుక మందాన గోధుమరంగు గీత ఉందేమో టార్చి వేసి చూడండి. వైరును పై నుంచి కాస్త లాగి దాని తొడుగు మీద ఎండిన నీటి చార ఉందేమో చూడండి. తర్వాత లీటరు నీళ్లలో ఆహార రంగు కలిపి, మాస్ట్ మీద అన్నిటికంటే కిందున్న తాడు సందులోంచి నెమ్మదిగా పోయండి. తూము బాగుంటే నిమిషాల్లో దాదాపు అంతా డెక్కు మీద కనిపిస్తుంది. కనిపించకపోతే నిట్టాడు పాదం చుట్టూ టిష్యూ కాగితం చుట్టి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి కాగితానికి రంగు అంటితే జవాబు దొరికినట్టే.

బిల్జ్‌లో నిలిచిన నీరు ఎక్కడిదో తేల్చడానికి తాగునీటి టీడీఎస్ మీటరు చాలు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, ఈ చిన్న మీటర్లకు అది అందదు. వాన వెలిసిన మర్నాడు మీటరు చిన్న అంకె చూపిస్తే ఆ నీరు పై నుంచి వచ్చిందే. ముందు పడవలోని మంచినీళ్ల ట్యాంకు కారడం లేదని మాత్రం నిర్ధారించుకోండి.

పరిష్కారం చిన్నదే. మాస్ట్ పాదంలో అన్నిటికంటే కింద, రెండు వైపులా 8 మి.మీ. తూములు తెరవండి. వైరు గొట్టాన్ని కనీసం 60 మి.మీ. ఎత్తుకు పెంచి, వైర్ల చుట్టూ బ్యూటైల్ (జిగట రబ్బరు) ముద్దతో మూయండి. నిట్టాడు అడుగున కూడా ఒక 8 మి.మీ. తూము ఉంచండి, ఎప్పుడైనా నీరు వచ్చినా దాగకుండా కంటికి కనిపిస్తుంది. ఇది చెయ్యకుండా దూలం ముట్టుకోవద్దు. మాస్ట్ కీల్ దాకా దిగే పడవల్లో వాన నీరు ఎలాగూ బిల్జ్‌కే వస్తుంది, కాబట్టి అక్కడ మాస్ట్ పాదాన్ని నిలవ నీటి మట్టానికి పైన ఉంచడమే మార్గం.

మిగతా కారణాలకు ఎక్కువ సమయం అక్కర్లేదు. ఒక్క వైపు తీగే వదులవుతుంటే ఆ వైపు చైన్‌ప్లేట్ (తీగను పడవకు పట్టి ఉంచే లోహపు పలక) చూడండి. కరెంటు లీకేజీ ఇనుప దూలాన్ని తినేయడం సాధ్యమే కానీ అరుదు, మల్టీమీటరుతో ఒకసారి చూసి వదిలేయండి. మాస్ట్ వంగిందేమోననే అనుమానం కంటితో చూస్తేనే తీరిపోతుంది.

దూలం మార్చడం

పడవ ఒడ్డు మీద, బరువంతా కీల్ కింది దిమ్మెల మీద ఉండాలి. పక్క ఊతాలు ఆనితే చాలు, నొక్కకూడదు. మాస్ట్ దించేయండి. కీల్ బోల్టులు ఈ దూలంలోంచే వెళ్తున్నాయేమో ముందే చూడండి. వెళ్తుంటే ఆ నట్లు విప్పే క్రమం, కీల్ ఊతం విడిగా ఆలోచించి మొదలుపెట్టాలి.

కోయకముందే కొలతలు. పాత దూలం ఇంకా తన స్థానంలో ఉండగానే పడవ గోడ వంపుకు 3 మి.మీ. ప్లైవుడ్‌తో అచ్చు తీయండి, మధ్యరేఖను గోడల మీద చెరగని సిరాతో గుర్తు పెట్టండి. ఇది మానేస్తే కొత్త దూలం ఎత్తు ఎంతుండాలో చెప్పే ఆధారం చెత్తబుట్టలోకి పోతుంది.

దిగిన డెక్కును పైకి లేపడానికి నిట్టాడుకు చెరో వైపు ఒక బాటిల్ జాకీ పెట్టండి. పైన 50 మి.మీ. మందం పలక ఉండాలి. అడుగున కీల్ పై గట్టి భాగం మీద ఆనాలి, పల్చటి పడవ గోడ మీద కాదు. ఒక్కసారికి 1 మి.మీ. లేపి ఆగండి, రాత్రంతా సర్దుకోనివ్వండి. డెక్కు మీద అడ్డంగా పెట్టిన మీటరు బద్ద సమంగా ఆనగానే ఆపేయండి.

గ్లాసు చుట్టును గోడకు 10 మి.మీ. ఎడంగా కోసి, మిగిలింది తర్వాత రుద్ది తీయండి. గోడను కోశారంటే ఇంకో మరమ్మతు మొదలవుతుంది. గ్రైండరు నిప్పురవ్వలు బిల్జ్‌లోకే పడతాయి, కాబట్టి ముందు వంట గ్యాసు, ఇంధనం ఆవిర్లు పోయేలా గాలి ఆడించండి. గ్లాసు దుమ్ముకు మంచి మాస్కు తప్పనిసరి. దూలాన్ని రెండు మూడు ముక్కలు చేసి తీయండి.

కొత్త దూలం దేనితో? మళ్లీ ఇనుము వేసి గ్లాసు చుట్టడం దండగ. 316 స్టెయిన్‌లెస్ కూడా గ్లాసు కింద, గాలి తగలని నిలవ నీటిలో సందుల దగ్గర గుంటలు పడి తినిపోతుంది. తుప్పు పట్టనిది జీ-10 లాంటి ఎపాక్సీ గ్లాసు దిమ్మె, అదే నా ఎంపిక. కానీ దాన్ని ఇనుము కొలతల్లోనే కోసి పెట్టకండి. ఉక్కు బిరుసుదనం సుమారు 200 గిగాపాస్కల్ అయితే దీనిది 20 చుట్టూ ఉంటుంది, పదో వంతు. ఉదాహరణకు 100 మి.మీ. లోతు, 75 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. మందం ఉన్న ఐ-ఆకారపు ఉక్కు దూలానికి సమానమైన బిరుసు రావాలంటే, 75 మి.మీ. వెడల్పు గ్లాసు దిమ్మెకు సుమారు 155 మి.మీ. లోతు కావాలి. నేల పలకల కింద అంత చోటు లేకపోతే వెడల్పు 150 చేయండి, అప్పుడు లోతు 125 సరిపోతుంది. ఇనుమే వేయాల్సి వస్తే రంధ్రాలు, వెల్డింగ్ అన్నీ ముగించాకే వేడి జింకులో ముంచించాలి. తర్వాత వేసే ప్రతి రంధ్రం ఒక కొత్త పుండు. దాన్ని గ్లాసుతో చుట్టకుండా బోల్టులతో బిగించి, నాలుగు వైపులా కంటికి కనిపించేలా వదలండి.

గోడను ముందు అసిటోన్‌తో తుడిచి, తర్వాతే 60 నంబరు గరుకు కాగితంతో రుద్దండి. వరస తిరగబడితే బిల్జ్ జిడ్డును మీరే గీతల్లోకి రుద్దినట్టు అవుతుంది. దూలం కింద, మధ్యరేఖకు రెండు వైపులా 25 మి.మీ. గొట్టం ముక్కలు తూములుగా పెట్టండి, దూలం వెనక నీరు ఆగకూడదు. దిమ్మెకూ గోడకూ మధ్య 3 నుంచి 5 మి.మీ. సందు ఉంచి, సిలికా పొడి కలిపిన ఎపాక్సీ ముద్దతో నింపండి. గరిటెతో లేపితే కొన నిలబడేంత గట్టిగా ఉండాలి. ఒక్కసారికి 300 గ్రాములకు మించి కలపకండి, గిన్నెలోనే ఉడికిపోతుంది. మూలల్లో 15 మి.మీ. గుండ్రం ఇచ్చి, 1708 బయాక్సియల్ గ్లాసు (రెండు దిశల పోగులున్న ఫైబర్‌గ్లాస్ గుడ్డ) ఆరు పొరలు వేయండి. ఒక్కో పొర ముందుదానికంటే 25 మి.మీ. వెడల్పుగా ఉండాలి, చివరిది గోడ మీద 150 మి.మీ. దాకా పాకాలి. రెసిన్ ఎపాక్సీనే, పాత గ్లాసు మీద పాలియెస్టర్ పట్టు నమ్మదగింది కాదు. మధ్యలో పొర గట్టిపడిపోతే పైన తేలిన మైనపు జిడ్డును నీళ్లతో కడిగి, రుద్ది, అప్పుడే తర్వాతి పొర వేయండి.

నిట్టాడు పాదం కింద చీలలు కొట్టి సర్దకండి. బరువంతా రెండు చీలల మీద పడి దిమ్మె నలుగుతుంది. పాదానికి మైనం రాసి, దిమ్మె మీద ఎపాక్సీ ముద్ద పరచి, నిట్టాడును నిలువుగా కూర్చోబెట్టండి. గట్టిపడ్డాక అడుగంతా ఒకే తీరుగా ఆనుతుంది. తూము మూసుకుపోకుండా అందులో ఒక స్ట్రా ముక్క దూర్చి ఉంచండి. డెక్కు లేచింది కాబట్టి పాత నిట్టాడు పొడవు చాలకపోవచ్చు, మళ్లీ కొలవండి.

వారం ఆగి మాస్ట్ ఎక్కించండి. తీగలను ఒక్కరోజే పూర్తి బిగువుకు తేకండి, రెండు మూడు విడతలు చేయండి. గోడ మీద, నిట్టాడు మీద పెన్సిల్ గీతలు కొత్తగా గీసి, తలుపు సందు కొలిచి పక్కనే రాసిపెట్టండి. మొదటి గట్టి గాలి ప్రయాణం తర్వాత ఒకసారి, నెల తర్వాత మరోసారి అవే గీతలు, అదే సందు చూడండి. అర మిల్లీమీటరు తేడా ఎపాక్సీ పరుపు సర్దుకోవడం, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. రెండోసారికి అది ఇంకా పెరిగి ఉంటే తీగలు వదిలేసి, చివరల పట్టు మళ్లీ సుత్తితో తట్టి చూడండి.