ఎల్ఈడీ ఇండికేటర్ టపటపా కొట్టుకుంటోందా? రెసిస్టర్ ఇలా కలపండి

కారు వెనక లైట్లలో మామూలు బల్బులు తీసి ఎల్ఈడీలు పెడితే వచ్చే చిక్కు ఇది. 21 వాట్ల మామూలు బల్బు 12 వోల్టుల దగ్గర సుమారు 1.75 ఆంపియర్లు లాగుతుంది. ఎల్ఈడీ అంతకంటే చాలా తక్కువ లాగుతుంది. దాంతో బల్బు మాడిపోయిందనుకుని, ఇండికేటర్‌ని వెలిగించి ఆర్పే ఫ్లాషర్ రిలే వేగంగా కొడుతుంది, లేదా డాష్‌బోర్డులో హెచ్చరిక వెలుగుతుంది.

ఆ తగ్గిన కరెంటును లాగడానికి మార్చిన ఒక్కో బల్బుకీ 6 ఓమ్‌ల, 50 వాట్ల రెసిస్టర్ ఒకటి కావాలి. బంగారు రంగు అల్యూమినియం తొడుగుది తీసుకోండి.

ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. రెసిస్టర్ ఒక కొసని ఇండికేటర్ వైరుకీ, రెండోదాన్ని ఎర్త్ వైరుకీ కలపాలి, అంటే ఎల్ఈడీకి ప్యారలల్‌గా. దీనికి ప్లస్, మైనస్ తేడా లేదు. సిరీస్‌లో, అంటే ఎల్ఈడీకి వెళ్లే వైరు మధ్యలో పెడితే సమస్య అలాగే ఉంటుంది. రెండు ఫిలమెంట్ల బల్బయితే మల్టీమీటర్‌తో బ్రేక్ వైరేదో, పార్కింగ్ వైరేదో తేల్చుకుని, బ్రేక్ వైరుకే కలపండి. జాయింట్లకు టంకం వేసి హీట్‌ష్రింక్ స్లీవ్ తొడగండి. ఉత్తి టేపు రెసిస్టర్ వేడికి జారిపోతుంది.

అసలు చిక్కు వేడితోనే. ఇంజన్ నడుస్తుంటే 13.8 వోల్టుల దగ్గర ఈ రెసిస్టర్ దాదాపు 32 వాట్లు కాలుస్తుంది. ఇండికేటర్ ఆగి ఆగి వెలుగుతుంది కాబట్టి సగమే. సిగ్నల్ దగ్గర బ్రేక్ తొక్కి నిలబడితే మాత్రం బ్రేక్ లైటు రెసిస్టర్‌ని ముట్టుకుంటే చేయి కాలుతుంది. అందుకే బాడీ రేకుకి స్క్రూలతో బిగించాలి. లైటు డబ్బా ప్లాస్టిక్‌కీ, వైర్ల కట్టకీ, డిక్కీ కార్పెట్‌కీ తగలనివ్వొద్దు. డబుల్ టేపుతో అంటించడం శుద్ధ దండగ.

ఫ్లాషర్ రిలే విడిగా ఊడొచ్చే పాత కార్లలో ఇండికేటర్ల వరకు ఈ తంటా అక్కర్లేదు. ఎల్ఈడీకి సరిపడే రిలే వేస్తే చాలు.