నొప్పి పాదాలతో కొండ మొక్కు: దారి ఎంచుకునే ముందు

మడమ నొప్పి, పాత బెణుకు ఉన్నవాళ్లు చాలామంది దారిని కిలోమీటర్లతోనే బేరీజు వేస్తారు. అక్కడే దెబ్బతింటారు. తిరుమలకు శ్రీవారి మెట్టు దారి రెండు కిలోమీటర్ల పైచిలుకు, అలిపిరి దారి దాదాపు తొమ్మిది. చిన్నదే కదా అని శ్రీవారి మెట్టు పట్టుకుంటే 2,388 మెట్లు ఊపిరి తీసుకోనివ్వకుండా వస్తాయి. మునివేళ్ల మీద బరువేసి ఎక్కేకొద్దీ పిక్క బిగుస్తుంది, అది మడమనూ అరికాలినీ లాగుతుంది. అలిపిరిలో మెట్లు 3,550 దాకా ఉన్నా గాలిగోపురం దాటాక చాలా దూరం చదును నడకే, పాదం కాస్త తేరుకుంటుంది. చివర్లో మోకాళ్ల పర్వతం మళ్లీ నిటారు, కొంత సత్తువ దానికి దాచుకోవాలి. ఏ దారిలోనైనా మెట్టు మీద పాదం మొత్తం ఆనాలి, మడమ గాల్లో వేలాడకూడదు. దిగడానికి మాత్రం బస్సే. మోకాళ్లు పాడయ్యేది ఎక్కువగా దిగుడులోనే.

మెట్లే వద్దనుకుంటే అరుణాచలం గిరి ప్రదక్షిణ నయం. 14 కిలోమీటర్లు, దాదాపు చదును తారురోడ్డు, కాలు మొరాయిస్తే ఆటో ఎక్కేయొచ్చు. పౌర్ణమి నాడు మాత్రం వద్దు: ఆ జనంలో ఆగాలన్నా ఆగలేరు, వెనకవాళ్లు కాలు తొక్కుతారు. మామూలు రోజున తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి గంటకు మూడు కిలోమీటర్ల చొప్పున నడిస్తే, తారు కాలకముందే తొమ్మిదికల్లా ముగుస్తుంది. రోడ్డు అంచు వాలుగా ఉన్నచోట బెణికిన చీలమండ మళ్లీ మడతపడుతుంది, కొంచెం లోపలికి నడవండి.

ఆషాఢ పౌర్ణమికి జరిగే సింహాచలం ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. పైగా వానాకాలం: తడిసి మెత్తబడ్డ చర్మం ఇట్టే బొబ్బలెక్కుతుంది. ఆ రోజు ట్రాఫిక్ మళ్లిస్తారు కాబట్టి మధ్యలో బండి దొరకడమూ కష్టమే. గాయం ఉన్న ఏడాది దీన్ని మానుకోవడమే మంచిది.

బయల్దేరే రెండు వారాల ముందు ఒక పరీక్ష చేసుకోండి. అనుకున్న దూరంలో మూడో వంతు నడవండి. మర్నాడు నిద్రలేచి వేసే మొదటి అడుగు మామూలుకన్నా ఎక్కువ గుచ్చితే ఆ దారి మీకు ఎక్కువే. పాదంలో ఒకే ఎముక మీద వేలితో నొక్కితే నొప్పి పుడితే నడక సంగతి పక్కనపెట్టి ముందు ఎక్స్‌రే తీయించండి. మొదట్లో ఎక్స్‌రేలో సన్నని పగులు కనపడకపోవచ్చు. నొప్పి తగ్గకపోతే మళ్లీ చూపించాలి.

షుగర్‌తో అరికాళ్లు మొద్దుబారినవాళ్లు చెప్పుల్లేకుండా నడవకూడదు. కాలినా, ముల్లు దిగినా తెలియదు. మిగతావాళ్లు రెండు జతల సాక్సులు, బొబ్బ లేచేచోట ముందే అంటించుకునే పేపర్ టేపు పెట్టుకోవాలి. మెత్తటి చెప్పులు భుజాన సంచిలోనే ఉండాలి. అలిపిరిలో లగేజీతో పాటు అప్పగిస్తే అవి పైకి వెళ్లిపోతాయి, మధ్యలో అందవు. బొబ్బ వస్తే తోలు కత్తిరించకండి. కుంటడం మొదలైతే అక్కడితో ఆపేయాలి, లాగితే మంచి కాలి మోకాలు, నడుము కూడా పట్టేస్తాయి.