పాలు చేదొస్తున్నాయా? ఇంజెక్షన్ కంటే ముందు గడ్డిమోపు విప్పండి

"అన్నా, గేదె పాలు చేదొస్తున్నాయి, ఏం ఇంజెక్షన్ వేయించాలి?" వారానికి ఒకరైనా అడుగుతారు. గడ్డి ఎక్కడిది అంటాను. "మామూలు పచ్చిగడ్డేనన్నా" అంటారు. మోపు విప్పి చూశారా అంటే మాత్రం అటునుంచి జవాబు రాదు.

ముందు చేదు ఏ గేదెది, ఎప్పుడు వస్తోంది అన్నది తేల్చుకోండి. ఒక్కోదాని పాలు విడిగా చిన్న గిన్నెలో కాచి, చల్లారాక నాలుక మీద వేసుకోవాలి. అన్నీ క్యాన్‌లో కలిపేశాక రుచి చూసి లాభం లేదు.

పిండినప్పుడు బాగుండి, ఫ్రిజ్‌లో పెడితే పొద్దుటికి చేదెక్కుతున్నాయా? అదీ ఒక్క గేదెవేనా? అయితే అది పాడి చివర్లో ఉండి ఉంటుంది. పాలలో కొవ్వు విరిగితే వచ్చే చేదు అది. పిండగానే కాచి వాడేసుకోండి, ఎలాగూ వట్టిపోయే రోజులు దగ్గరపడ్డాయి.

చేదు కాదు, ఉప్పగా ఉన్నాయంటే పొదుగువాపు అనుమానించాలి. నాలుగు చన్నుల తొలిధార నల్లగుడ్డ మీద పిండి చూడండి. పలుకులు కనిపిస్తే డాక్టర్‌ని పిలవండి, అక్కడ నా సలహా పనికిరాదు.

పిండిన వెంటనే చేదు, అదీ ఒకే గడ్డి తిన్న గేదెలన్నిటికీ అయితే, తప్పు గడ్డిదే. మన గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల నేను చూసినంతలో దాదాపు ప్రతిసారీ అది వయ్యారిభామే. కొందరు కాంగ్రెస్ గడ్డి అంటారు, కొందరు క్యారెట్ గడ్డి అంటారు. మెక్సికో వైపు నుంచి వచ్చిన కలుపుమొక్క. 1950ల్లో పుణెలో కనిపించి దేశమంతా పాకింది.

ఇక్కడే అందరూ ఒక మాట అంటారు: "మా గేదె వయ్యారిభామని ముట్టదు." నిజమే. వదిలిపెట్టి మేపితే మూతి పెట్టి వాసన చూసి పక్కకి పోతుంది. ఆ ధీమాతోనే నేనూ దెబ్బతిన్నాను.

ఒక ఎండాకాలం మా చేలో వేసిన సూపర్ నేపియర్ గడ్డి చాలక, మంగళగిరి వైపు ఖాళీ వెంచర్లలో కోసుకొచ్చే ఒకతని దగ్గర మోపులు కొన్నాను. నాలుగైదు రోజులకి మా ఆవిడ టీ చేదుగా ఉందంది. టీపొడి మార్చమన్నాను. తర్వాత పాలకేంద్రం వాళ్లు క్యాన్ వెనక్కి పంపారు. అప్పుడు మొదలైంది టెన్షన్. దాణా మార్చాను, పత్తిచెక్క ఆపాను, క్యాన్లు సలసల కాగే నీళ్లతో కడిగించాను, పొదుగు పరీక్ష చేయించాను. మూడు వారాలు, బోలెడు డబ్బు.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. గడ్డి ముక్కలు కొట్టే చాఫ్ కట్టర్ ఆడలేదు. మోపు విప్పి గడ్డి అలాగే గాడిలో పడేశాను. పొద్దున చూస్తే మిగతాదంతా నాకేసినట్టు తిన్నాయి. గాడి అడుగున మాత్రం పిడికెడు పిడికెడు కాడలు, నమిలి వదిలేసినవి కొన్ని, అసలు ముట్టనివి కొన్ని. అన్నీ వయ్యారిభామే.

గేదెకి ఏరుకునే తెలివి ఉంది. ఆ అవకాశాన్ని కట్టర్ లాగేసింది. అంగుళం ముక్కలు కొట్టి, పైన తవుడు చల్లి, నీళ్లతో కలిపి పెడితే అది దేన్ని వదిలేస్తుంది?

మరి మోపులో నా కంటికెందుకు పడలేదంటే, నేను తెల్లపూల కోసం చూశాను. ఆ మొక్కలింకా పూతకి రాలేదు. లేతగా ఉన్నప్పుడు ఇది నేలకి అంటుకుని గుండ్రంగా పరుచుకుంటుంది, ఆకు అచ్చం క్యారెట్ ఆకులా చీలికలుగా ఉంటుంది. పైకి లేచాక కాడ పట్టుకుంటే నిలువునా చారలు, సన్నటి నూగు. ఆ నూగులో ఉండే పార్థెనిన్ అనే పదార్థమే పాలకి చేదు తెచ్చేది, మన చేతులకి దురద పెట్టేది కూడా. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. మాచిపత్రి అనుకుని పొరపడేవాళ్లూ ఉన్నారు. మాచిపత్రి ఆకు అడుగున తెల్లగా ఉంటుంది, నలిపితే మంచి వాసన వస్తుంది.

పరిష్కారం చిన్నదే. ఆ మోపులు ఆపండి. వరిగడ్డి, మీ సొంత చేలో గడ్డి పెట్టండి. మా పాలు మూడో రోజుకి మామూలయ్యాయి. కానీ నోట్లో పుండ్లు, చొంగ, పారుడు, మెడ దగ్గరో పొదుగు దగ్గరో వెంట్రుకలు రాలడం కనిపిస్తే అది చేదుతో ఆగే వ్యవహారం కాదు. ఎక్కువగా తింటే పశువు ప్రాణమే పోతుంది. ఆ రోజే డాక్టర్‌కి చూపించండి.

నేను చేసిన రెండో తప్పు కూడా వినండి. గాడిలో మిగిలిన కాడలన్నీ తీసుకెళ్లి పెంటదిబ్బ మీద వేశాను. తర్వాత కొన్న మోపుల్లో పూత, గింజ ఉన్నవీ అక్కడికే చేరాయి. ఆ ఎరువే నేపియర్ మడికి తోలించాను. తొలకరికి మడంతా వయ్యారిభామ! ఒక్కో పువ్వులో ఐదు గింజలే, కానీ ఒక్క మొక్క 15 వేల నుంచి 25 వేల గింజలు రాలుస్తుంది. మొలిచిన నెలా నెలన్నరకే పూత. గింజకి రెండు పక్కలా గాలితిత్తుల్లాంటివి అంటుకుని ఉంటాయి, కాలువ నీళ్ల మీద తేలుతూ పోతుంది. మీ చేలో పీకేసినా ఎగువనుంచి మళ్లీ వస్తుందని లెక్క వేసుకోండి.

వాన పడ్డాక, నేల మెత్తగా ఉన్నప్పుడు, పూత రాకముందే వేరుతో పీకాలి. కొడవలితో కోస్తే మొదలు దగ్గర నాలుగు కొమ్మలు వేసి మళ్లీ పూస్తుంది. పూతకి ముందు పీకింది ఎరువుగుంటలో వేసుకోవచ్చు. పూత పట్టింది ఆరబెట్టి కాల్చేయాల్సిందే. పంట లేని రోడ్డు పక్కనైతే లీటరు నీళ్లకి 200 గ్రాముల కల్లుప్పు కలిపి ఎండలో తడిసేలా కొట్టండి. చేలో, గట్ల మీద మాత్రం వద్దు, నేల పాడవుతుంది. దీన్ని తినే మెక్సికన్ పెంకుపురుగుని 1984లో బెంగళూరులో వదిలారు. వానాకాలంలో బాగానే తింటుంది, ఎండాకాలంలో మట్టిలో పడుకుంటుంది. దాని మీద భారం వేసి కూర్చోకండి.

వేపాకు మేసిందా, క్యాన్ సరిగ్గా కడగలేదా లాంటివి కూడా ఉంటాయి కానీ అరుదు. గడ్డి చూశాక చూడండి.

కొన్న మోపు ఏదైనా సరే, కట్టర్ ఆన్ చేసే ముందు రెండు చేతుల నిండా తీసి ముక్కలు కొట్టకుండా గాడిలో వేయండి. అరగంటాగి గాడి అడుగు చూడండి.